గుండెపోటూ గుండెకోతా

తెలుగులో ‘పోటు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. పొడవడం నుండి పుట్టిన పోటు ఒకటి. కత్తిపోటు, బల్లెపుపోటు వంటివి దాని సంతానం. సముద్రం పొంగి గట్టుకెక్కే పోటు రెండవది; దానికి జంటగా ఆటు ఉన్నది. గుండెపోటు అన్న సమాసాన్ని కూర్చినవారు మొదటి అర్థంలోనే కూర్చి ఉంటారు. అయితే ఆ బాధపడి బ్రతికినవారిని అడిగి చూడండి. కత్తితో పొడిచినట్లున్నదని చెప్పేవారు తక్కువ. రొమ్ముమీద రోలు పెట్టినట్లున్నదనీ, ఎడమచేయి లాగినదనీ, దవడ పట్టేసినదనీ, చెమటలు కారిపోయినవనీ చెబుతారు. అందుచేత నాకు రెండవ అర్థమే బాగున్నదనిపిస్తుంది. పోటు కొందరిని లోనికి లాగుకొనిపోతుంది, కొందరిని గట్టుమీద వదలి వెనుదిరుగుతుంది. అలా గట్టున మిగిలినవారి చరిత్రను గురించి ఈ టపా. మన సినిమావారు గూడు కట్టుకున్న జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగరు కొండల మీద ఆ చరిత్ర చాలావరకు కంటికి కనబడుతూనే ఉన్నది. అందువల్ల అక్కడివారిని ఆధారంగా చేసుకొని చెబుతాను.

వ్యాధి పాతదే. ఋగ్వేదం మొదటి మండలంలోని సూర్యసూక్తంలో ఋషి తన హృద్రోగాన్ని పోగొట్టుమని సూర్యుని వేడుకున్నాడు. చరకుడు హృద్రోగాలను ఐదుగా విభజించాడు. శిరస్సు, హృదయం, వస్తి – ఈ మూడింటిని ప్రధాన మర్మాలన్నాడు. సుశ్రుతుడు హృచ్ఛూలను వేరుగా పేర్కొన్నాడు. ఇవన్నీ నేటి గుండెపోటేనని వాదించే ఉత్సాహం నాకు లేదు. ప్రాచీనులకు అన్నీ తెలుసుననే వాదం వినీ వినీ విసిగినవాడిని. మర్మానికి దెబ్బ తగిలితే మనిషి నిలువడన్న భావం మాత్రం మన పూర్వులకూ, పాశ్చాత్య వైద్యులకూ చాలాకాలం సమానంగానే ఉన్నది.

గుండెకు నెత్తురు మోసే ధమని మూసుకొనిపోతే మరణం తక్షణమేనని పందొమ్మిదవ శతాబ్ది వైద్యులు నమ్మేవారు. శవపరీక్షలో తప్ప ఆ జబ్బును చూడనివారు అలా నమ్మడంలో వింత లేదు. 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక వ్యాసం ప్రకటించి, ధమని మూసుకొనిపోయిన తరువాత కూడా రోగి గంటలు, రోజులు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు బ్రతకవచ్చునని చెప్పాడు. అంటే గుండెపోటు తరువాత జీవితమొకటి ఉంటుందన్న సంగతి వైద్యశాస్త్రానికి తెలిసి నూరేండ్లు దాటి కొద్దికాలమే అయినది. ఆ వ్యాసాన్ని అప్పట్లో ఎక్కువమంది పట్టించుకోలేదు. హృదయ విద్యుల్లేఖనం, అదే మనం ఇ.సి.జి. అంటున్నది, వాడుకలోకి వచ్చిన తరువాత గాని బ్రతికియున్న రోగిలో ఈ జబ్బును గుర్తించడం సాధ్యపడలేదు.

గుర్తించడమైతే నేర్చారు గాని చేయగలిగింది లేదు. నొప్పికి మార్ఫీను, మూతికి ప్రాణవాయువు, ఆపైన మంచం. ఆరు వారాలు కదలరాదు, కొన్నిచోట్ల అన్నం కూడా మరొకరు తినిపించాలి. కదలక పడుకున్నందువల్ల కాళ్ళలో నెత్తురు గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరి చనిపోయినవారు ఎందరో! 1952లో లెవైన్, లౌన్ అనే అమెరికా వైద్యులు రోగిని కుర్చీలో కూర్చోబెట్టినందుకే విమర్శల పాలయ్యారు. ఆసుపత్రి దాకా చేరినవారిలో సైతం నూటికి ముప్పైమంది ఇంటికి తిరిగివచ్చేవారు కారు.

1955 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవరుకు డెన్వరులో గుండెపోటు వచ్చినది. డాక్టర్ పాల్ డడ్లీ వైట్ పత్రికలవారిని కూర్చోబెట్టి రోగి పరిస్థితిని దాచకుండా వివరించాడు. ఐజెన్‌హోవరు మరుసటి ఏడు ఎన్నికలలో నిలిచి గెలిచి, 1969 దాకా జీవించాడు. పోటు వచ్చినవాడు పనికి తిరిగి రావచ్చునన్న సంగతి సామాన్య జనానికి మొదట తెలిసినది అతనివల్లనే. అయినా ఈ కబురు మన తెలుగు తెరకు చేరడానికి చాలాకాలం పట్టినది.

ఆనాటి మన సాంఘిక చిత్రాలను జ్ఞాపకం చేసుకోండి. కూతురి పెళ్ళి చెడిందనో, ఇల్లు జప్తు అయిందనో ఉత్తరం వస్తుంది. తండ్రి రొమ్ము పట్టుకుంటాడు, కళ్ళజోడు క్రింద పడుతుంది. ఒక్క మాట – సగం మాట – చెప్పి తల వాలుస్తాడు. గుమ్మడి వెంకటేశ్వరరావుగారు అటువంటి తండ్రి పాత్రలకు పెట్టింది పేరు. ఆయన మాత్రం ఎనభై రెండేండ్లు జీవించి 2010 జనవరి 26న కాలధర్మం చెందారు. ఈ దృశ్యాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నాటకీయతకు అది అవసరమే. కాని తరతరాల ప్రేక్షకులు దానినుండి రెండు పాఠాలు నేర్చుకున్నారు. గుండెపోటు దుర్వార్త వింటేనే వస్తుందనేది ఒకటి, వస్తే చేయగలిగేదేమీ లేదనేది రెండవది. రెండూ పొరపాట్లే. తెల్లవారుజామున నిద్రలోనుండి లేపే పోటుకు ఏ దుర్వార్తా అక్కరలేదు. దుర్వార్త లేదు గనుక ఇది గుండెనొప్పి కాదు, గ్యాసు పట్టిందని సోడా తాగి, జీలకర్ర నమిలి, ప్రక్కవారిచేత వీపు నిమిరించుకొని తెల్లవారేదాకా ఆగిన సహోపాధ్యాయుడొకడు నాకుండేవాడు. అతడు తెల్లవారడం చూడలేదు.

ఇక 1974 సంవత్సరానికి వస్తాను. మన చిత్రపరిశ్రమకు ఆ ఏడు గుండెకు సంబంధించినంతవరకు ఒక సంధికాలం.

ఆ సంవత్సరం మొదట్లో ఎస్.వి. రంగారావుగారికి హైదరాబాదులో గుండెపోటు వచ్చినది. ఉస్మానియా ఆసుపత్రిలో చికిత్స జరిగింది. కోలుకొన్నారు. జులై 18న మద్రాసులో రెండవసారి వచ్చినది. ఆ పోటు వెనక్కు తీయలేదు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఆరు. తెరమీద కీచకుడుగా, హిరణ్యకశిపుడుగా, ఘటోత్కచుడుగా నిలిచిన ఆ మహాకాయానికి ఆనాడు మన వైద్యం ఇవ్వగలిగింది విశ్రాంతి, మందులు, సలహాలు మాత్రమే. వైద్యులను నిందించే ఆస్కారం ఇందులో లేదు. మూసుకొన్న నాళాన్ని తెరిచే సాధనమే దేశంలో లేదు.

అదే సంవత్సరంలో అక్కినేని నాగేశ్వరరావుగారికి గుండె శస్త్రచికిత్స అవసరమైనది. ఆయన అమెరికా వెళ్ళి బైపాస్ చేయించుకొని వచ్చారు. అప్పటికి ఆయనకు యాభై ఏండ్లు. బైపాస్ అంటే దాటుబాట: కాలిలోనుండి ఒక సిరను తీసి, గుండెమీద మూసుకొన్న ధమనికి ఇవతల ఒక కొసను, అవతల ఒక కొసను కలిపి కుట్టి, నెత్తురుకు కొత్త కాలువ త్రవ్వడం. ఊరి చెరువు తూము పూడితే ప్రక్కన గండి కొట్టి నీరు మళ్ళించే మన రైతుకు ఈ ఉపాయం వెంటనే బోధపడుతుంది. దీనిని 1967లో క్లీవ్‌లాండులో ఒక పద్ధతిగా స్థిరపరచినవాడు రెనే ఫావలోరో, అర్జెంటీనా దేశస్థుడు. అంతకుముందు పన్నెండేండ్లు ఒక మారుమూల గ్రామంలో వైద్యం చేసినవాడు. అంటే అక్కినేనివారు శస్త్రచికిత్సకు ఒప్పుకొన్ననాటికి ఆ విద్య వయస్సు ఏడేండ్లు. చేయించుకొన్నవారు ఎన్నాళ్ళు బ్రతుకుతారో చెప్పడానికి, చేయించుకొని ఎక్కువ కాలం బ్రతికినవారే ఇంకా లేరు.

ఆయన అమెరికా ఎందుకు వెళ్ళవలసివచ్చిందో ఒక్క తేదీ చెబుతుంది. మన దేశంలో తొలి బైపాస్ శస్త్రచికిత్స 1975లో, మద్రాసు పెరంబూరులోని రైల్వే ఆసుపత్రిలో, డాక్టర్ కె.ఎం. చెరియన్ చేతులమీదుగా జరిగినది. చిత్రపరిశ్రమకు అప్పటికీ ప్రధాన నివాసం మద్రాసే. రంగారావుగారు కన్నుమూసిన ఊరిలోనే, ఆయన పోయిన మరుసటి ఏడు ఆ విద్య అడుగుపెట్టినది. కాలం చేసే ఇటువంటి వికటమైన లెక్కలకు ఏ అలంకారశాస్త్రంలోనూ పేరు లేదు.

మన భాషలో గుండెకోత అంటే తీరని దుఃఖం. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి వాడే మాట అది. అక్షరాలా గుండెను కోయించుకొని బాగుపడి రావచ్చునని అక్కినేనివారి తరువాత తెలుగుదేశానికి తెలిసినది. పల్లెల్లో సైతం, ‘నాగేశ్వరరావుకు గుండె తీసి కుట్టారట, మళ్ళీ డాన్సు చేస్తున్నాడట’ అని ఆశ్చర్యంగా చెప్పుకొనేవారు. గుండెను తీయలేదని సవరించబోతే నన్ను పిల్లకాయవన్నట్లు చూసినవారున్నారు.

ఈ శస్త్రచికిత్స తరువాత ఆయన చేసిన పనిని కొంచెం నిలిచి చూడాలి. వైద్యులు సామాన్యంగా రోగి ఎన్నేండ్లు బ్రతికాడో లెక్కపెడతారు. బ్రతికి ఏం చేశాడన్నది వారి పట్టికలలోకి ఎక్కదు. అక్కినేనివారు తిరిగివచ్చి, 1960లలోనే తాను మద్రాసు వదలి వచ్చి స్థిరపడిన హైదరాబాదులో, రాళ్ళూ పొదలూ తప్ప మరేమీ లేని కొండనేల మీద స్టూడియో కట్టడానికి పూనుకొన్నారు. 1975 ఆగస్టులో శంకుస్థాపన. 1976 జనవరి 14న సంక్రాంతినాడు ప్రారంభోత్సవం. దానికి తన సతీమణి అన్నపూర్ణగారి పేరు పెట్టుకొన్నారు. రొమ్ము ఎముక కోయించుకొన్న మనిషి, గట్టిగా రెండేండ్లైనా తిరగకముందే అప్పులకూ అలసటకూ వెరవక బండలు పగులగొట్టించి స్టూడియో నిలబెట్టాడంటే, విశ్రాంతి పేరిట రోగిని మంచానికి కట్టివేసిన పాత వైద్యానికి అంతకు మించిన సమాధానం ఉండదు. ఆ స్టూడియోను ప్రారంభించినవారు నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. మరుసటి ఏడు, 1977 ఫిబ్రవరి 11న ఆ రాష్ట్రపతి పదవిలో ఉండగానే గుండెపోటుతో మరణించారు. గుండెకు బాగుచేయించుకొన్న ఆతిథేయుడు మరి ముప్పై ఏడేండ్లు జీవించాడు.

నటన సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1976లో ‘సెక్రటరీ’, ‘మహాకవి క్షేత్రయ్య’. 1977లో రామారావుగారు చంద్రగుప్తుడు కాగా తాను చాణక్యుడు. 1981లో ‘ప్రేమాభిషేకం’, 1982లో ‘మేఘసందేశం’, 1991లో ‘సీతారామయ్యగారి మనవరాలు’. ‘ప్రేమాభిషేకం’లో కథానాయకుడిని కేన్సరు బలిగొంటుంది. నిజజీవితంలోనూ చివరకు ఆయనను తీసుకొనిపోయినది గుండె కాదు, కేన్సరే. 2013 అక్టోబరులో ఆ సంగతిని ఆయనే పత్రికలవారికి చెప్పి, ‘మనం’ చిత్రంలో తన పాత్ర ముగించి, 2014 జనవరి 22న తొంభయ్యేండ్ల వయస్సులో వెళ్ళిపోయారు. శస్త్రచికిత్స నాటినుండి లెక్కిస్తే నలభై సంవత్సరాలు దాదాపుగా నిండినవి.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కాలి సిరతో వేసిన దాటుబాట శాశ్వతం కాదు. పదేండ్లు గడిచేసరికి అటువంటి కాలువల్లో ఇంచుమించు సగం పూడిపోతాయని తరువాతి పరిశీలనలు చెప్పాయి. రొమ్ములోపలి ధమనిని వాడితే ఎక్కువకాలం నిలుస్తుందని 1980లలో తేలినది. కనుక నలభై ఏండ్లు కేవలం ఒక శస్త్రచికిత్స ఇచ్చిన వరం కాదు. తిండిలో మితం, నడక, నిద్ర, పని – ఈ నాలుగింటిలో అక్కినేనివారి క్రమశిక్షణ పరిశ్రమలో సామెతగా చెప్పుకొనేవారు. పొగచుట్ట మానినవారికీ మాననివారికీ పోటు తరువాతి ఆయుర్దాయంలో ఎంత తేడా ఉన్నదో తెలిసిన వైద్యులకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

రెండవ పెద్ద కథ నందమూరి తారక రామారావుగారిది. 1984లో, ముఖ్యమంత్రిగా ఉండగా, ఆయన అమెరికా వెళ్ళి గుండె శస్త్రచికిత్స చేయించుకొన్నారు. ఆగస్టు 14న తిరిగివచ్చారు. 16న గవర్నరు రామ్‌లాల్ ఆయనను తొలగించి నాదెండ్ల భాస్కరరావుగారిచేత ప్రమాణం చేయించారు. తరువాతి రాజకీయం చదువరులకు నాకంటే బాగా తెలుసు. దానిని వైద్యదృష్టితో చూసినవారు తక్కువ. కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి ఆరునుండి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ గడువులో రోగి బరువులెత్తరాదు, కుదుపులు పడరాదు, ఉద్రేకపడరాదు. రామారావుగారు ఆ గడువులోనే శాసనసభ్యులను వెంటబెట్టుకొని ఢిల్లీ వెళ్ళారు. చక్రాల కుర్చీలో రాష్ట్రపతి ముందుకు వెళ్ళారు. సభలలో గొంతెత్తి మాట్లాడారు. సెప్టెంబరు 16న మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెలరోజులలో ఏ క్షణాన గుండె లయ తప్పినా రాష్ట్ర చరిత్ర మరొక దారి పట్టేది. చక్రాల కుర్చీలోని ఆ బొమ్మ పత్రికలలో చూసి కన్నీరు పెట్టుకొన్న ఆడవారిని నేనెరుగుదును. ఓట్ల లెక్కల్లో ఆ కన్నీటికి ఎంత విలువో రాజనీతిజ్ఞులు తేల్చాలి.

శస్త్రచికిత్స తరువాత రామారావుగారు పదకొండేండ్లకు పైగా జీవించారు. ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’, ‘మేజర్ చంద్రకాంత్’, ‘శ్రీనాథ కవిసార్వభౌముడు’ ఆ కాలంలోనివే. 1994 ఎన్నికలలో గెలిచారు; 1995 ఆగస్టులో మరల పదవి పోయినది; 1996 జనవరి 18న బంజారాహిల్స్ స్వగృహంలో గుండెపోటుతో కన్నుమూశారు. బాగుచేసిన గుండె కొత్త గుండె కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. నాగేశ్వరరావుగారికీ రామారావుగారికీ అమెరికా అందినది. అందనివారి మాటేమిటి? 1979లో మద్రాసులో డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిగారి వద్దకు వచ్చిన రోగి ఒకరు, ఇంకా నలభై నిండనివారు, శస్త్రచికిత్సకు అమెరికా వెళ్ళేటంత డబ్బు సమకూర్చుకోలేక చనిపోయారు. అపోలో ఆసుపత్రి ఆలోచనకు ఆ మరణమే మూలమని రెడ్డిగారు అనేకసార్లు చెప్పారు. 1983లో మద్రాసులోను, 1988లో హైదరాబాదు జూబ్లీహిల్స్‌లోను అపోలో వెలిసినది. అక్కినేనివారు సముద్రాలు దాటి వెళ్ళి చేయించుకొన్న పని, ఆయన కట్టిన స్టూడియోకు కొద్ది మైళ్ళలోనే జరగడం మొదలైనది. మద్రాసునుండి తరలివచ్చిన పరిశ్రమ ఆ సరికి ఈ కొండల మీద ఇళ్ళు, స్టూడియోలు కట్టుకొంటున్నది. ఫిల్మ్‌నగరు రూపు కడుతున్నది. ఆనాటినుండి తెలుగు సినిమావార్తలలో ‘జూబ్లీహిల్స్ ఆసుపత్రిలో చేర్చారు’ అన్న వాక్యం స్థిరపడిపోయినది.

ఈలోగా వైద్యం కత్తిని వదలి తీగను పట్టినది. 1977లో జ్యూరిక్ నగరంలో గ్రుంట్జిగ్ అనే వైద్యుడు సన్నని గొట్టం కొసన బుడగ కట్టి, నాళంలోనికి పంపి, ఉబ్బించి, మూసుకొన్నచోటు తెరిచాడు. 1986లో అది మన దేశానికి వచ్చినది. తరువాత ఆ తెరచినచోట నిలబెట్టే లోహపు జాలిగొట్టం, స్టెంటు, వచ్చినది. 1990లలో హైదరాబాదు హృద్రోగ నిపుణుడు డాక్టర్ బి. సోమరాజు, క్షిపణులు చేసే అబ్దుల్ కలాంగారు కలిసి ఇక్కడే చవుకైన స్టెంటు తయారుచేయించారు. వారిద్దరి పేర్లు కలిపి దానిని కలాం–రాజు స్టెంటు అన్నారు. అయినా విదేశీ స్టెంట్ల ధరలు కొండెక్కే ఉన్నవి. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వ సంస్థ మందు పూసిన స్టెంటు ధరను 29,600 రూపాయలకు, మామూలు స్టెంటు ధరను 7,260కి కట్టడి చేసినది. అంతకుముందు మందు పూసిన స్టెంటుకు లక్షకు పైగా వసూలు చేసేవారు.

మిత్రులారా, ఎక్కువ ప్రాణాలు నిలిపినవి ఈ ఖరీదైన పరికరాలేనా అంటే, ఒక్క మాటలో అవునని చెప్పలేము. 1988లో ప్రకటించిన ఐసిస్–2 అనే పరిశోధన ఒకటున్నది. పదహారు దేశాలలో 17,187 మంది రోగులమీద జరిగినది. గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్, తలనొప్పికి వేసుకొనే ఆస్పిరిన్ – ఈ రెండూ ఇవ్వనివారిలో ఐదు వారాలలోపల గుండె, రక్తనాళాల కారణంగా నూటికి 13.2 మంది చనిపోగా, రెండూ ఇచ్చినవారిలో 8 మందే చనిపోయారు. ఆస్పిరిన్ ఒక్కటే ఇచ్చినా ఆ మరణాలలో దాదాపు నాలుగోవంతు తగ్గినది. నూరేండ్లుగా మందులషాపు డబ్బాలో పడియున్న బిళ్ళ అది! జూబ్లీహిల్స్‌లో అపోలో తలుపులు తెరచిన సంవత్సరమే ఈ ఫలితమూ వెలువడినది. ఒకదానికి భవనం కావాలి, రెండవదానికి కొద్ది పైసలు చాలు.

అయితే కరిగించే మందుకైనా, బుడగకైనా ఒక నిబంధన ఉన్నది. నెత్తురందని గుండెకండరం నిమిషనిమిషానికి చస్తూ ఉంటుంది. చచ్చినది మళ్ళీ బ్రతకదు. మొదటి గంటలో వస్తే దక్కేది ఆరవ గంటకు దక్కదు. 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ‘క్రియేట్’ పరిశీలన మన దేశపు 89 ఆసుపత్రులలో 20,937 మందిని లెక్కలోకి తీసుకొన్నది. తీవ్రమైన పోటు వచ్చినవారు ఆసుపత్రి చేరడానికి పట్టిన మధ్యస్థ కాలం 360 నిమిషాలు. ఆరు గంటలు! అందులోనే మరొక అంకె ఉన్నది. నెలలోపల చనిపోయినవారు ధనికులలో నూటికి 5.5 మంది, పేదలలో 8.2 మంది. పేదల గుండె బలహీనం కావడంవల్ల కాదు ఈ తేడా. అందిన చికిత్సలను సమం చేసి లెక్కవేస్తే తేడా మాయమైనది. పేదకు తక్కువ వైద్యం అందినది, అంతే.

గుండెజబ్బు ధనికుల వ్యాధి అన్న భ్రమ కూడా పోవాలి. 2003–04లో ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో మరణాల కారణాలను ఇంటింటా విచారించగా, మూడింట ఒకటి గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే అని తేలినది. వరిచేలలో వంగినవారు, కొబ్బరిచెట్లెక్కినవారు అందులో ఉన్నారు. కనుక కొండమీది స్టూడియోలలో దీపాలు మోసేవారు, తెల్లవారుజామున కృష్ణానగరులో కారియరు పట్టుకొని వాహనం కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, రాత్రి రెండు గంటలదాకా సెట్లు కొట్టే వడ్రంగులు ఈ పోటుకు అతీతులు కారు. కృష్ణానగరునుండి జూబ్లీహిల్స్ ఆసుపత్రికి నాలుగైదు కిలోమీటర్లకు మించదు. ఆ దూరం వారికి ఎంతకాలం అమెరికా అంత దూరంగా ఉండినదో చెప్పడానికి వేరే అంకెలు అక్కరలేదు.

ఆ దూరం కొంత తగ్గినది రెండు పనులవల్ల. రెండూ మన గడ్డమీద పుట్టినవే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైనది. అంతకుముందు మనకు అంబులెన్సు అంటే శవాన్ని మోసుకొని వచ్చే బండి అన్న భావమే ఎక్కువ. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదట మూడు జిల్లాలలో ప్రారంభమై, తరువాత రాష్ట్రమంతటా పరచుకొన్నది. తెల్లకార్డు కలవాడు బైపాస్ చేయించుకొని పైసా కట్టకుండా ఇంటికి రావడం అక్కినేనివారి నాటికి ఊహకందని సంగతి. ఆ పథకం ఖజానాను కార్పొరేట్ ఆసుపత్రులకు దోచిపెట్టినదనీ, ప్రభుత్వాసుపత్రులను ఎండగట్టినదనీ విమర్శలున్నవి. వాటిలో నిజమూ ఉన్నది. కాని ఆపరేషనైన కూలివాని ముందు నిలబడి ఆ విమర్శ చేయడం నాకు చేతకాదు. తెలంగాణలో 2023 డిసెంబరులో ఈ పథకం పరిమితిని పది లక్షల రూపాయలకు పెంచారు.

ఇంత జరిగినా కొండమీద కూడా పోటు గెలుస్తూనే ఉన్నది. హాస్యబ్రహ్మ జంధ్యాలగారు 2001 జూన్ 19న యాభై ఏండ్లకే గుండెపోటుతో పోయారు. సంగీత దర్శకుడు చక్రి 2014 డిసెంబరు 15న పోయేనాటికి నలభై ఏండ్లవాడు. ఇక్కడ ఒక భేదం చెప్పాలి. పత్రికలు రెండింటినీ కలగలిపి వ్రాస్తున్నాయి. గుండెపోటు నెత్తురు కాలువ పూడుకొనడం. మనిషి బాధపడతాడు, మాట్లాడతాడు, ఆసుపత్రికి వెళ్ళే వ్యవధి ఉంటుంది. గుండె ఆగిపోవడం వేరు. లయ చెడి గుండె కొట్టుకోవడం మానుతుంది, మనిషి ఉన్నపళాన కూలుతాడు. మొదటిది రెండవదానికి దారితీయవచ్చు. 2022 నవంబరు 14న కృష్ణగారిని ఆసుపత్రికి తెచ్చేసరికి గుండె ఆగియున్నది; వైద్యులు దానిని మళ్ళీ కొట్టించారు గాని, మరునాడు తెల్లవారుజామున ఆయన వెళ్ళిపోయారు. 2023 జనవరి 27న కుప్పం పాదయాత్రలో కూలిన తారకరత్న ఇరవై రెండు రోజులు పోరాడి, నలభై నిండకుండానే ఫిబ్రవరి 18న బెంగుళూరులో కన్నుమూశారు. గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు చెడనారంభిస్తుంది. ఆ నిమిషాలలో ఏ కొండమీది ఆసుపత్రీ అందదు, ప్రక్కన నిలబడ్డ మనిషి రెండు చేతులే అందుతాయి. రొమ్ము నడుమ ఎముకమీద అరచేతులు పెట్టి నిమిషానికి నూటికి తగ్గకుండా గట్టిగా నొక్కడమనే ఈ విద్యను 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వారు లోకానికి చెప్పారు. అది నేర్చుకోవడానికి ఒక పూట చాలు. మా పాఠశాలలలో డ్రిల్లు క్లాసు వారానికి రెండు పీరియడ్లుండేది. ముప్పై అయిదేండ్ల ఉద్యోగంలో ఒక్క పీరియడులోనైనా దీనిని నేర్పడం నేను చూడలేదు.

రంగారావుగారి కాలానికి ముందు మన చిన్న ఊళ్ళలో గుండెపోటు వచ్చినవారికి ఏం చేసేవారన్నది ఎక్కడా సరిగా గ్రంథస్థం కాలేదు. తాతలనాటి డాక్టర్లు, ఎల్.ఎం.పి.లు, ఆర్.ఎం.పి.లు ఏ సూది వేసేవారు, ఎన్నాళ్ళు పడుకోబెట్టేవారు, ఎవరు ఎన్నేండ్లు బ్రతికారు – ఈ ముచ్చట్లు మీ ఇళ్ళలో ఎవరికైనా జ్ఞాపకముంటే, ఊరి పేరు, ఇంచుమించు సంవత్సరం సహా క్రింద వ్రాయగోరుతాను. రోగుల పేర్లు అక్కరలేదు.